జిమ్ ఫీజు కట్టే ముందు రాత్రి భోజనం వేళ మార్చండి

మీ వయసు 41, కూర్చుని చేసే ఆఫీసు పని, పరగడుపున షుగర్ 112, రెండుసార్లు జిమ్‌లో చేరి నెల తిరగకుండానే మానేశారు. ఇంట్లోనే ఏమైనా చేయవచ్చా, ప్రోటీన్ పౌడర్ కొనాలా, 68 ఏళ్ళ అమ్మగారు కూడా చేయగలిగేవి ఏమైనా ఉన్నాయా అని అడిగారు. నేను శ్రీకాకుళంలోనే ట్రైనర్‌ని. జిమ్‌లో కంటే ఇళ్ళకు వెళ్ళి నేర్పించడమే నాకు ఎక్కువ, కాబట్టి మీ పరిస్థితి నాకు బాగా తెలుసు.

కొత్తగా ఎవరింటికి వెళ్ళినా మొదట బరువు చూడను. రాత్రి అన్నం ఎన్నింటికి తింటారని అడుగుతాను. ఉదయం వ్యాయామం మానేయడానికి కారణం చాలా ఇళ్ళలో ముందురోజు రాత్రే ఉంటుంది. ఆఫీసు నుంచి ఆకలి మీద వస్తూ ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆగి బజ్జీలో పునుగులో తింటారు. దాంతో ఆకలి చచ్చిపోతుంది. పిల్లల చదువులు, సీరియల్ అన్నీ అయ్యాక పదింటికి అన్నం. తిన్న వెంటనే నిద్ర పట్టదు కాబట్టి ఫోన్. పడుకునేసరికి పన్నెండు. అలాంటి మనిషి ఐదింటి అలారానికి లేవలేకపోతే దాన్ని బద్ధకం అనడం అన్యాయం. నిద్ర చాలలేదు, అంతే. మీరు రెండుసార్లు మానేసింది కూడా ఇలాగే అయ్యుంటుందని నా అనుమానం.

అందుకని ఈ నెలంతా ఒక్క పని మీదే పట్టు పట్టండి. ఎనిమిదింటికల్లా భోజనం అయిపోవాలి. అది జరగాలంటే సాయంత్రం నాలుగైదు గంటలకు ఆఫీసులోనే ఏదో ఒకటి కడుపులో పడాలి. ఉలవ గుగ్గిళ్ళు, ఉడికించిన పెసలు, వేయించిన శనగలు, ఏదైనా చిన్న డబ్బాలో పట్టుకెళ్ళండి. తోవలో బజ్జీల బండి దగ్గర ఆగాలనిపించదు. అన్నం తిన్నాక కుర్చీలో కూలబడకుండా పది పదిహేను నిమిషాలు తీరిగ్గా నడవండి. నడిచేటప్పుడు కాళ్ళ కండరాలు రక్తంలోని షుగర్‌ని తీసుకుని వాడేసుకుంటాయి, అందుకే తిన్న తర్వాత నడిస్తే షుగర్ అంతగా పెరగదు. వీధిలో కుక్కల భయం ఉంటే మేడ మీద నడవండి. వానాకాలం వరండా అయినా సరిపోతుంది.

ఇంట్లో మిగతావాళ్ళు ఒప్పుకోరని చాలామంది అంటారు. నేను నేర్పించే ఒక టీచరుగారి భర్తకు దుకాణం ఉంది, తొమ్మిదిన్నర దాటితే గానీ షట్టర్ దించరు. ఆయన కోసం ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చునేవాళ్ళు. ముందు ఆవిడ, పిల్లలు ఎనిమిదింటికి తినడం మొదలుపెట్టారు. ఆయనకు కష్టంగానే అనిపించింది, నాతోనే అన్నారు. కొన్నాళ్ళకు ఆయనే క్యారేజీ దుకాణానికి తెప్పించుకుని అక్కడే తినడం, బండి ఇంట్లోనే వదిలేసి రాత్రి నడిచి రావడం అలవాటు చేసుకున్నారు. నేను ఆయనకు ఒక్క వ్యాయామమూ చెప్పలేదు. ఇల్లు మారితే మనిషి మారతాడన్న నమ్మకం నాకు అలాంటి ఇళ్ళను చూశాకే కుదిరింది.

రెండో నెల నుంచి బలం. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ చేయాలనీ, దాంతోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనవాళ్ళు మొదటి సగమే పట్టుకున్నారు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఏళ్ళ తరబడి నడుస్తున్న వాళ్ళలో కూడా కింద కూర్చుంటే చేయి ఆనించకుండా లేవలేని వాళ్ళున్నారు. నడక మంచిదే, కానీ అదొక్కటే చాలదు.

ఆదివారం, బుధవారం చాలు. కదలని చెక్క కుర్చీ ఒకటి తీసుకోండి. చేతులు గుండెల మీద కట్టుకుని, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చుని లేవండి. పదిసార్లు చేసి ఒక నిమిషం ఆగి, అలా మూడు విడతలు. తర్వాత గోడకు చేతులు ఆనించి పుషప్స్. చివర్లో రెండు చేతుల్లో ఐదేసి లీటర్ల నీళ్ళ క్యాన్లు పట్టుకుని, వెన్ను నిటారుగా ఉంచి హాల్లో అటూ ఇటూ నడవండి. ఊపిరి బిగపట్టకండి, బీపీ ఉన్నవాళ్ళకు అది మంచిది కాదు. పదిసార్లు లేవడం తేలికైనప్పుడు పన్నెండు, పదిహేను చేయండి.

మీ ఇంట్లో ఆవిడను కూడా కలుపుకోండి. 'బరువులు ఎత్తడం మగవాళ్ళ పని' అని ఈ జిల్లాలో ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది. ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయ్యారు. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఇప్పటికీ ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటున్నారు. మీ ఇంట్లోవాళ్ళు ఎత్తాల్సింది ఐదు లీటర్ల క్యానే.

ప్రోటీన్ పౌడర్ కొనకండి. మన జిల్లాలో ఇది ఇంకా గట్టిగా చెప్పాల్సిన మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో మీకు తెలియంది కాదు, దానికి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కిడ్నీలు బాగా దెబ్బతినే దాకా పైకి ఏమీ తెలియకపోవచ్చు. ఆ ఉద్దానంలోని కవిటి, సోంపేట వైపు నుంచి ఎవరు వచ్చినా, కిడ్నీల పనితీరు చెప్పే రెండు పరీక్షలు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, చేయించుకున్నాకే తిండిలో ప్రోటీన్ పెంచమంటాను. మీరూ చేయించుకోండి, షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్ళకు ఎలాగూ అవసరమే. మొదటి వారం తొడలు పట్టేస్తే మందుల షాపులో నొప్పి బిళ్ళ అడిగి వేసుకోకండి. ఆ బిళ్ళలు తరచుగా వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. రెండు మూడు రోజుల్లో ఆ నొప్పి దానంతటదే పోతుంది.

మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాములు. కోడిగుడ్డులో దాదాపు 6 గ్రాములు ఉంటుంది. పప్పు, ఉలవలు, పెరుగు, చేపలతో మిగతాది వచ్చేస్తుంది. చోడి (రాగి) అంబలి తాగండి, కానీ బెల్లం వేయకుండా, ఒక గ్లాసే. చోళ్ళు కదా అని చెంబుడు తాగేవాళ్ళున్నారు, అందులోనూ పిండి పదార్థమే ఎక్కువ. ఎండుచేపలు, ఊరగాయల దగ్గర చేయి కాస్త వెనక్కి తీసుకోండి. ఉప్పు మొత్తం రోజుకు 5 గ్రాములు మించకూడదు.

అమ్మగారికి కూడా కుర్చీలో కూర్చుని లేవడమే, కాకపోతే ముందు బల్ల పట్టుకుని, ఐదుసార్లతో మొదలుపెట్టించండి. గుమ్మం పట్టుకుని మడమలు ఎత్తి దించమనండి. షుగర్ మాత్రలు వాడుతుంటే ఖాళీ కడుపుతో వద్దు. చెప్పులు లేకుండా నడవనివ్వకండి. ఛాతీలో బరువుగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రోజూ తూకం ఎక్కి టెన్షన్ పడకండి. నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. మూడు నెలలయ్యాక, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, ఆ కాగితం పట్టుకుని మీ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళండి. మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆయన చెప్పాలి, నేను కాదు.