‘రేపటికి టైట్రేషన్ పెట్టు’ అంటే ఏం పెట్టాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ పాసై, కర్నూలులో స్కూలు, జూనియర్ కాలేజీ కలిసి ఉన్న ఒక ప్రైవేటు సంస్థలో ఏడాదిగా ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తోంది. సైన్స్ సార్లు ‘రేపు టైట్రేషన్ పెట్టు’, ‘లెన్సులు తీసిపెట్టు’ అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోతారు. తీరా పీరియడ్‌లో ఏదైనా తక్కువైతే పిల్లల ముందే ఈమెను అంటారు. రోజూ ఫోన్లో ఏడుస్తోంది. మాన్పించి హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న ఏటా వస్తూనే ఉంటుంది. ఊరి పేరు, కోర్సు పేరు మారతాయి, అడుగున ఉన్న భయం మాత్రం అదే. డిగ్రీ దాకా చదివించిన పిల్ల గాజు సామాను కడుగుతూ మాటలు పడుతోంది, దీనికి ముందు దారి ఉందా అన్నది మీ అసలు ప్రశ్న. ఉందండీ. మీ పాప తెలివి తక్కువై మాటలు పడటం లేదు. పని మొదలయ్యే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు అడిగే పద్ధతి అక్కడ లేదు, అంతే. దాన్ని ఆ అమ్మాయే పెట్టుకోవచ్చు.

‘టైట్రేషన్ పెట్టు’ అన్న మాటనే తీసుకోండి. టైట్రేషన్ అంటే బ్యూరెట్టు అనే గీతల గాజు గొట్టంలోంచి ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా ఫ్లాస్కులోని మరో ద్రావణంలోకి వదిలి, రంగు మారే చోట ఆపి, గాఢత లెక్కగట్టడం. అది సోడియం హైడ్రాక్సైడుతో చేసేదైతే ఫినాఫ్తలీన్ అనే ఇండికేటర్ (రంగు మారి చర్య పూర్తయిందని చూపేది) కావాలి, మంట అక్కర్లేదు. పర్మాంగనేటుతో అయితే ఇండికేటరే వద్దు. ఆ పర్మాంగనేటు ఆక్సాలిక్ ఆమ్లంతో అయితే ఫ్లాస్కును 60–70 డిగ్రీలకు వేడి చేయాలి. అంటే ప్రతి జట్టుకూ బర్నర్, ముక్కాలిపీట, వైర్ గాజ్ ఉండాలి. అదే మోర్ లవణంతో (ఇదొక ఇనుము లవణం) అయితే వేడి అవసరం లేదు, కానీ ఆ లవణాన్ని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలోనే కరిగించాలి, లేకపోతే ద్రావణం మబ్బుపడుతుంది. సార్ నోట వచ్చింది ఒక్క మాట, బల్ల మీద దానికి మూడు రకాల సామాను.

పరిమాణం సంగతి కూడా అంతే. 40 మంది పిల్లలు, ఇద్దరికో సెట్టు అంటే 20 జట్లు. 20 మి.లీ. పిపెట్‌తో నాలుగు రీడింగులు, కడుక్కోవడానికి మరికొంత కలిపితే జట్టుకు దాదాపు 100 మి.లీ. ఆక్సాలిక్ ద్రావణం పడుతుంది. రెండున్నర లీటర్లు చేస్తే నిశ్చింత. 0.05 మోలార్ (మోలార్ అంటే లీటరులో ఎంత కరిగి ఉందో చెప్పే గాఢత కొలత) కావాలంటే దానికి 15.75 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు తూచాలి. ఎదురుగా 0.02 మోలార్ పర్మాంగనేట్ రెండున్నర లీటర్లకు 7.9 గ్రాములు. దీన్ని ముందు రోజే కలిపి, గాజు దూదిలో వడగట్టి, గోధుమరంగు సీసాలో పెట్టాలి. వడపోత కాగితం వాడితే ఆ కాగితంతోనే పర్మాంగనేటు చర్య జరిపి గాఢత తగ్గుతుంది. 2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు లీటర్లకు గాఢమైనది సుమారు 220 మి.లీ. పడుతుంది. ఎప్పుడూ నీళ్ళలోకే ఆమ్లాన్ని పోయాలి, కొంచెం కొంచెంగా, కలుపుతూ.

ఫ్లాస్కులో ఆ ఆమ్లం చాలకపోతే గులాబీ రంగు రావాల్సిన చోట గోధుమరంగు మడ్డి వస్తుంది. వేడి చాలకపోతే మొదటి చుక్కల గులాబీ రంగు పోకుండా నిలిచి, పిల్లలు అదే ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిన గుర్తు) అనుకుంటారు. అప్పుడు తిట్లు పడేది ల్యాబ్ అసిస్టెంటుకే.

ఫిజిక్స్‌లో లెన్సులు. నాభ్యంతరం (దూరపు వస్తువు ప్రతిబింబం లెన్సుకు ఎంత దూరంలో పడుతుందో ఆ కొలత) ఎంతో అడగకుండా 30 సెం.మీ. లెన్సు తీసిపెడితే మీటరు పొడవు ఆప్టికల్ బెంచీ మీద ప్రతిబింబం పట్టదు. వస్తువుకూ తెరకూ మధ్య కనీసం నాభ్యంతరానికి నాలుగింతల దూరం, అంటే 120 సెం.మీ. కావాలి. 10 లేదా 15 సెం.మీ. లెన్సులే తీయాలి. ఏది ఎంతో తెలియకపోతే కిటికీలోంచి దూరపు చెట్టును గోడ మీద పడేలా పట్టి, లెన్సుకూ గోడకూ మధ్య దూరం కొలిస్తే చాలు. కొలిచింది స్టాండు మీద చీటీ అంటించి రాసుకోవాలి.

ఇక బయాలజీలో ‘రేపటికి’ అన్న మాటే కుదరదు. కర్నూలు మార్కెట్లో ఉల్లిగడ్డకు కొదవ లేదు గానీ, సమవిభజన (కణం రెండుగా విడిపోవడం) చూపించాలంటే ఆ గడ్డ అడుగు నీటికి తగిలేలా సీసా మూతి మీద కూర్చోబెట్టాక కొత్త వేళ్ళు రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఆకులో పిండిపదార్థం పరీక్షకైతే మొక్కను రెండు రోజులు చీకట్లో పెట్టాలి. ఇది టీచర్లకూ తెలుసు. రోజుకు ఆరు పీరియడ్లు చెప్పే మనిషికి ప్రయోగం పేరు గుర్తుంటుంది, బల్ల మీది సామాను గుర్తుండదు. అందులో చిన్నచూపు వెతక్కండి.

మరో సంగతి, మన సీమలో మరీ ముఖ్యం. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని బోరు నీళ్ళతో లవణ విశ్లేషణకు (ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టే ప్రయోగానికి) ద్రావణాలు కలిపితే, సిల్వర్ నైట్రేట్ వేయగానే నీళ్ళలోని క్లోరైడుకే తెల్లబడుతుంది. పిల్లలందరికీ ‘క్లోరైడ్ ఉంది’ అనే వస్తుంది.

అమ్మా, ఇక్కడి నుంచి నీకే చెబుతున్నాను. ‘ఏం కావాలి సార్?’ అని అడగొద్దు. దానికి మళ్ళీ ఆ ఒక్క ముక్కే జవాబొస్తుంది. ‘ఆక్సాలిక్‌తోనా సార్, మోర్ లవణంతోనా?’ అని రెండు ముందుంచి అడుగు. పిల్లల ముందు కాదు, చివరి పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూములో. ఒక లాంగ్ బుక్కును ఇండెంట్ (ఏ సామాను కావాలో రాసిచ్చే కోరిక) పుస్తకంగా పెట్టుకో. తేదీ, పీరియడ్, తరగతి, ఎన్ని జట్లు, పాఠ్యపుస్తకంలో ప్రయోగం పేరు, ద్రావణాల గాఢత, సార్ సంతకం. కెమిస్ట్రీ, ఫిజిక్సుకు రెండు రోజుల ముందు, బయాలజీకి వారం ముందు రాయాలని ప్రిన్సిపాల్‌తో ఒక సర్క్యులర్ ఇప్పించుకో. సార్ రాయకపోతే ఆయన చెప్పింది నువ్వే రాసి సంతకానికి పెట్టు. ముందు రోజు సాయంత్రం ఒక్క సెట్టు నువ్వే చేసి చూడు. కారే బ్యూరెట్టు, అరిగిన ప్లగ్ కీ అప్పుడే బయటపడతాయి. 20 సెట్లకు రెండు బ్యూరెట్లు అదనంగా కడిగి ఉంచు.

ఇక డేటా సైన్స్. మంచి రంగమే. నా అనుమానమంతా కోర్సుల మీద. కొన్ని నెలల్లో వాళ్ళు నేర్పేది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, రెండు మూడు టూల్స్. ఉద్యోగం అడిగేది సంఖ్యాశాస్త్రం, ఎస్‌క్యూఎల్ (డేటాబేసులోంచి సమాచారం రాబట్టే భాష), చిందరవందరగా ఉన్న సమాచారాన్ని ఓపికగా శుభ్రం చేయడం. బోర్డు మీద ‘100 శాతం ప్లేస్‌మెంట్’ అని ఉంటుంది. రసీదు మీద ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని ఉంటుంది. రెండూ ఒకటి కావు. పోయిన బ్యాచ్‌లో ఎవరు ఏ కంపెనీలో ఏ పనికి చేరారో కాగితం మీద అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. అమ్మాయికి నిజంగా ఇష్టముంటే ముందు ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక) పన్నెండు వారాల కోర్సు ఒకటి ఉద్యోగం చేస్తూనే చదవనివ్వండి. చదవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. మూడో వారానికే విసుగొస్తే మీ డబ్బు మిగిలినట్టే. అక్కడ కూడా మేనేజరు ‘సేల్స్ డేటా పంపు’ అంటాడు. ఏ నెలది, ఏ జిల్లాది అని అడగాల్సింది అక్కడా మీ అమ్మాయే.

మీకో మాట గట్టిగానే చెప్పాలి. మీ ఉత్తరంలో ‘మాన్పించి’ ఉంది, ‘చేర్పిద్దాం’ ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. రోజూ ఏడుస్తోందని రాశారు, ఎందుకని అడిగారా? పని ఇష్టం లేకనా, పిల్లల ముందు అన్నందుకా? ఈ రెంటికీ మందు వేరు. చుట్టాలు ‘ల్యాబ్‌లో కడుగుతుందంట’ అంటారన్న బాధ మీది. దాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టకండి.

అలాగని ఇక్కడే ఉండిపొమ్మనడం లేదు. ప్రైవేటు ల్యాబ్ జీతం తక్కువే, మరో రెండేళ్ళకు మించి ఇదే చోట ఉండకూడదు. బోధన ఇష్టమైతే బీఈడీ చేసి డీఎస్సీ రాయాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు, అన్నిసార్లూ అంత పెద్దది రాదు. కెమిస్ట్రీ ఇష్టమైతే పీజీసెట్ రాసి శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ, యోగి వేమన వర్సిటీల్లో ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. మీ తాడిపత్రిలో, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల ల్యాబుల్లో సున్నపురాయిలో కాల్షియం కొలిచేదీ టైట్రేషన్‌తోనే, ఈడీటీఏ అనే రసాయనంతో. ‘ద్రావణాలు నేనే తయారు చేస్తాను’ అని చెప్పగల బీఎస్సీకి అక్కడి ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం ఉంటుంది. ఆసుపత్రి ల్యాబ్ వేరే దారి, దానికి డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) లాంటి చదువు కావాలి. రెండూ ఒకటే అనుకోకండి.

ఈ ఆదివారం కర్నూలు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఒక లాంగ్ బుక్, గోధుమరంగు సీసాలకు అంటించే లేబుళ్ళు కొనుక్కెళ్ళండి. ఆమె చెప్పేది మొదట మొత్తం వినండి. డిసెంబరు దాకా ఆ పుస్తకం నడిచాక, అందులో ఎన్ని ఇండెంట్లు ముందుగా వచ్చాయో చూసుకుని, అమ్మాయి చేతే నాకు రాయించండి.