టైల్స్ వెనకాల ఖర్చు: టబ్ తీసి షవర్ కట్టించేవాళ్ళకు

ప్రశ్న: మాది డాలస్ శివార్లలో ఇల్లు, కొని ఏడాదైంది. వేసవికి అమ్మానాన్నలు వస్తున్నారు. టబ్ ఎక్కి దిగడం వాళ్ళవల్ల కాదు కాబట్టి కింద బాత్రూమ్‌లో టబ్ తీసేసి షవర్ కట్టిద్దామనుకుంటున్నాం. ఒక కాంట్రాక్టర్ 8,500 డాలర్లు చెప్పాడు, ఇంకొకాయన 16,000 అన్నాడు. ఇంత తేడా ఏమిటి? ప్లంబింగ్‌లో అంత పనుంటుందా?

జవాబు: ఉంటుంది. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళందరిలాగే మీరూ నాలుగు శనివారాలు టైల్స్ షాపులో గడిపి ఉంటారు. టైల్ కంటికి కనిపిస్తుంది కాబట్టి బేరమంతా దాని మీదే జరుగుతుంది. డబ్బు కారిపోయేది మాత్రం దాని వెనకాల. వాళ్ళిద్దరూ రాసిచ్చిన ధరల కాగితాలు, అంటే కోట్‌లు, పక్కపక్కన పెట్టుకుని ఒక్క మాట కోసం వెతకండి: డ్రైన్. చవక కోట్‌లో దాని ఊసు లేకపోతే మీ ఏడున్నర వేల తేడాలో పెద్ద ముక్క దొరికినట్టే. ఆ పని మానేసైనా ఉండాలి, గోడలు విప్పేశాక "అదనం" అని అడగడానికైనా ఉండాలి. టబ్ ఊడదీసి, బాత్రూమ్‌లో దుమ్ము లేచాక మీకు బేరమాడే శక్తి ఉండదు. ఈ సంగతి కాంట్రాక్టర్లకు బాగా తెలుసు.

డ్రైన్ మార్చక తప్పకపోవడానికి కారణముంది. టబ్ కింద ట్రాప్ (మురుగు వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిచే వంపు పైపు), దాని తరువాతి పైపు ఒకటిన్నర అంగుళాలవి. టబ్ లోతుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు నెమ్మదిగా పోయినా కాసేపు నిలవుండి దిగుతాయి. షవర్ అలా కాదు. గట్టు ఎత్తు రెండు మూడు అంగుళాలే, వచ్చిన నీళ్ళు వచ్చినట్టు పోవాలి. అందుకే చాలా సిటీల్లో షవర్‌కు రెండంగుళాల డ్రైన్ అడుగుతారు. ఇక్కడ జరిగే మోసం కూడా తెలుసుకోండి. పైన రెండంగుళాల జాలీ, దాని కింద రెండంగుళాల ట్రాప్ పెట్టి, ఆ తరువాత పాత ఒకటిన్నర పైపుకే తగిలిస్తారు. మురుగు నీళ్ళు వెళ్ళేదారిలో పెద్ద పైపు నుంచి చిన్న పైపులోకి దిగకూడదు. జుట్టు చిక్కుకునేది ఆ ఇరుకులోనే. ట్రాప్ దగ్గర నుంచి పెద్ద లైనులో కలిసే చోటుదాకా రెండంగుళాల పైపే ఉండాలని కోట్‌లో రాయించుకోండి.

మీ ఇల్లు స్లాబ్ మీద, అంటే నేల మీద పోసిన కాంక్రీట్ పలక మీద కట్టినదయితే ఈ పైపులు కాంక్రీట్ కింద ఉంటాయి. మీ ప్రాంతంలో చాలా ఇళ్ళకు పోస్ట్ టెన్షన్ స్లాబ్ ఉంటుంది. అంటే కాంక్రీట్ లోపల ఉక్కు కేబుళ్ళను వేల పౌన్ల బలంతో లాగి బిగించి ఉంచుతారు. రంపం తగిలి ఒక్క కేబుల్ తెగినా మనిషి ప్రాణానికి ప్రమాదం, స్లాబ్ బాగు చేయించే బిల్లు మీ షవర్ బిల్లును మించిపోతుంది. గరాజ్ నేల మీద కోయవద్దు, తొలచవద్దు అన్న హెచ్చరిక అచ్చు ఉందేమో ముందు చూడండి. ఉంటే, కోసేముందు రాడార్ స్కాన్ చేసి కేబుళ్ళు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించాలి. దానికయ్యే కొన్ని వందల డాలర్ల దగ్గర మాత్రం పీనాసితనం చూపించకండి. మామూలుగా టబ్ డ్రైన్ ఉన్నచోట స్లాబ్‌లో కాంక్రీట్ పోయకుండా ఒక పెట్టెలా వదిలేసి ఉంటారు. కొత్త డ్రైన్‌ను ఆ దగ్గర్లోనే పెట్టుకుంటే పగలగొట్టేది తక్కువ. జాలీ సరిగ్గా షవర్ నడిమధ్యన ఉంటే అందంగా ఉంటుందని రెండడుగులు జరిపారా, ఆ రెండడుగులే కోతకు, తవ్వకానికి, మళ్ళీ కాంక్రీట్ పూడ్చడానికి కారణమవుతాయి. డ్రైన్ ఒక పక్కకు ఉంటే వచ్చే నష్టమల్లా టైల్ వాలు కొంచెం జాగ్రత్తగా కట్టుకోవలసి రావడమే.

పైపు అడుక్కి పావు అంగుళం చొప్పున దిగాలి. ట్రాప్ నుంచి వెంట్ (పైపులోకి గాలి తెచ్చే గొట్టం) దాకా ఉండే దూరానికీ హద్దుంది: రెండంగుళాల పైపుకు కొన్ని చోట్ల ఎనిమిదడుగులు, కొన్ని చోట్ల ఐదే. ఎనిమిది ఎందుకంటే, పావు అంగుళం చొప్పున ఎనిమిదడుగులు పోయేసరికి పైపు తన వ్యాసమంత, అంటే రెండంగుళాలు దిగిపోతుంది. అంతకన్నా దిగితే వెంట్ నోరు నీళ్ళలో మునిగి గాలి అందదు, నీళ్ళు ట్రాప్‌లో ఉన్నదంతా లాక్కుపోతాయి. ఆ తరువాత బాత్రూమ్‌లో డ్రైనేజీ వాసన. మీ సిటీ ఏ కోడ్ (ప్లంబింగ్ నిబంధనలు) పాటిస్తుందో వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూసుకోండి.

ఇప్పుడు గోడ సంగతి. షాపులో అందమైన పెట్టెలో అమ్మేది చాలాసార్లు ట్రిమ్ మాత్రమే: పిడి, పళ్ళెం, షవర్ హెడ్. గోడ లోపల కూర్చుని చన్నీళ్ళూ వేణ్ణీళ్ళూ కలిపే రఫ్ వాల్వ్ విడిగా కొనాలి, రెండూ ఒకే కంపెనీవి, ఒకదానికొకటి సరిపోయేవి కావాలి. ట్రిమ్ పెట్టె ఒక్కటే కొని ఇంటికి తెచ్చుకుని, ప్లంబర్ వచ్చిన రోజున వాల్వ్ ఏదని అడిగితే తెల్లమొహం వేసేవాళ్ళకు లెక్కలేదు. ఆ ఒక్క పూట జాప్యానికి కూడా ప్లంబర్ గంటల లెక్క నడుస్తూనే ఉంటుంది. డెల్టా, మోయెన్, కోలర్‌ల మామూలు రకాలు తీసుకోండి. పదేళ్ళ తరువాత కార్ట్రిడ్జ్ (వాల్వ్ లోపల నీళ్ళను నడిపే భాగం) మార్చాల్సి వస్తే పక్క షాపులో దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే పేరూ ఊరూ లేని నల్ల రంగు సెట్టు చవకే, దాని కార్ట్రిడ్జ్ ఎక్కడా దొరకనప్పుడు టైల్ పగలగొట్టి వాల్వే మార్చాలి.

ప్రెషర్ బ్యాలెన్స్ వాల్వ్ వంద డాలర్లకు అటూ ఇటూ, థర్మోస్టాటిక్ వాల్వ్ దానికి మూడు నాలుగింతలు. మొదటిది ఎవరో ఫ్లష్ చేసి చన్నీళ్ళ ప్రెషర్ పడిపోయినప్పుడు వేణ్ణీళ్ళు ఒళ్ళు కాల్చకుండా ఆపుతుంది. రెండోది మీరు పెట్టిన వేడినే పట్టి ఉంచుతుంది. పెద్దవాళ్ళు వాడే బాత్రూమ్ కాబట్టి రెండోదానికి డబ్బు పెట్టినా తప్పనను, కానీ మొదటిదీ చాలు. ఏదైనా, లోపల వేడికి హద్దు పెట్టే లిమిట్ స్టాప్‌ను 120 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకుండా సర్దించండి. కొత్త వాల్వ్ పెట్టి ఈ చిన్న మరను తిప్పడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. వాల్వ్‌లోనే చన్నీళ్ళకు, వేణ్ణీళ్ళకు విడివిడిగా కట్టేసే స్టాప్‌లు ఉన్న రకం అడగండి. కాస్త ఎక్కువే, కానీ తరువాత కార్ట్రిడ్జ్ మార్చేటప్పుడు ఇల్లంతటికీ నీళ్ళు ఆపనక్కర్లేదు.

వాల్వ్ ఎంత లోతున కూర్చోవాలన్నది స్టడ్ (గోడ లోపలి నిలువు చెక్క) నుంచి కొలవకూడదు, పూర్తయిన టైల్ ముఖం నుంచి కొలవాలి. సిమెంట్ బోర్డ్ అర అంగుళం, థిన్‌సెట్ (టైల్ అంటించే సిమెంట్), టైల్ మందం అన్నీ కూడుకోవాలి. వాల్వ్ మీదుండే ప్లాస్టిక్ కవచంపై ఇంతనుంచి ఇంతలోపు అని గీతలుంటాయి. టైల్ ఏదో తేల్చకముందే వాల్వ్ బిగిస్తే, తరువాత మందపాటి రాయి ఎంచుకున్నారంటే ట్రిమ్ అందక ఎక్స్‌టెన్షన్ కొనాలి, అది దొరికే రకమైతేనే. కాబట్టి టైల్ కొన్నాకే ప్లంబర్‌ని పిలవండి. పైపు అతికించేటప్పుడు మంట వాడితే కార్ట్రిడ్జ్ తీసి పక్కన పెట్టాలి, లేకపోతే రబ్బరు వాషర్లు మాడిపోతాయి. లైనులోని ఇసుక, టంకం ముక్కలు ముందు నీళ్ళతో కడిగి, అప్పుడు కార్ట్రిడ్జ్ వేయాలి. కొత్త షవర్ మొదటి వారంలోనే కారుతోందంటే ఎక్కువసార్లు ఆ ముక్కలే కారణం.

మనవాళ్ళకి మాత్రమే వచ్చే ఒక అవసరముంది, అది కాంట్రాక్టర్‌కి తట్టదు: బకెట్. మీ నాన్నగారు షవర్ కింద నిలబడి స్నానం చేస్తారేమో కానీ, మీ అమ్మగారికి బకెట్, మగ్గు లేకపోతే స్నానం చేసినట్టుండదు. వాల్వ్ కింద టబ్ కొళాయి ఒకటి పెట్టించండి. వాల్వ్ నేల నుంచి 42 అంగుళాల ఎత్తున, కొళాయి 26 అంగుళాల ఎత్తున ఉంటే మామూలు బకెట్ దాని కింద పడుతుంది. షవర్‌లో టబ్ కొళాయి ఏమిటని వాళ్ళు నవ్వుతారు, నవ్వుకోనివ్వండి. అయితే వాల్వ్ నుంచి ఆ కొళాయికి దిగే పైపు అర అంగుళం రాగిది కావాలి, పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు కాకూడదు. పెక్స్ లోపలి వ్యాసం రాగిదానికన్నా తక్కువ. ఉరవడిగా వచ్చే నీళ్ళకి కింద దారి ఇరుకై పైకి తన్ని, బకెట్ నింపుతుంటే తల మీద షవర్ చుక్కలు పడతాయి. మిగతా లైన్లన్నీ పెక్స్‌తో వేసినా ఫర్వాలేదు.

చేతి షవర్ కూడా కావాలనుకుంటే దానికి వ్యాక్యూమ్ బ్రేకర్ ఉందో లేదో అడగండి. గొట్టం కొస బకెట్లో మునిగి ఉన్నప్పుడు లైనులో ప్రెషర్ పడిపోతే ఆ మురికి నీళ్ళు వెనక్కి లాగబడి తాగే నీటి లైనులో కలవకుండా ఆపేది అదే. పట్టుకునే కమ్మీల కోసం, షవర్ చేయి బిగించే చోటు కోసం స్టడ్‌ల మధ్య చెక్క అడ్డం పెట్టించాలి. గోడ తెరిచి ఉండగా అది ఒక చెక్క ముక్క, కాసిని మేకుల ఖర్చు.

వాల్వ్ బయటి గోడలో ఉంటే ఇప్పుడే లోపలి గోడకు మార్చే వీలుందేమో చూడండి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో పైపులు పగిలిన ఇళ్ళ సంగతి మీ పక్కింటివాళ్ళని అడిగితే చెబుతారు.

పైన ఆకాశమంత రెయిన్ హెడ్, పక్కన చేతి షవర్, రెండూ ఒకేసారి నడవాలన్న కోరిక ఉంటే ముందు హీటర్ లెక్క వేసుకోండి. దేశమంతటా ఒక షవర్ హెడ్‌కు నిమిషానికి 2.5 గ్యాలన్ల హద్దు. హీటర్ 120 డిగ్రీలు, చన్నీళ్ళు 60, మీకు కావాల్సింది 105 అయితే అందులో ముప్పాతిక వంతు వేణ్ణీళ్ళే, అంటే నిమిషానికి రెండు గ్యాలన్లకు కొంచెం తక్కువ. 40 గ్యాలన్ల ట్యాంకులో చల్లబడకుండా వచ్చేది సుమారు 28. ఒక్క హెడ్‌తో పావుగంట, రెండు కలిపితే ఏడున్నర నిమిషాలు. ఇంత ముచ్చటపడి కొత్త హీటర్ కూడా కొనాల్సి వస్తుందన్నమాట.

నేల కింద నీళ్ళు దిగకుండా వేసే పొర, అదే లైనర్, ప్లంబర్ పనో టైల్ మేస్త్రీ పనో కోట్‌లో స్పష్టంగా ఉండాలి. లేకపోతే రేపు కారినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. పాత పద్ధతిలో లైనర్ కింద కూడా వాలు ఉండాలి, డ్రైన్ చుట్టూ ఉండే చిన్న రంధ్రాలు సిమెంట్‌తో మూసుకుపోకూడదు. టైల్ వేయకముందు డ్రైన్ మూసి, గట్టు అంచుదాకా నీళ్ళు నింపి, మట్టం గీత పెట్టి ఒక రోజంతా వదలమనండి. గీత దిగితే టైల్ పని మొదలుకాకూడదు.

ఇక డాలర్లు. ఊరిని బట్టి మారేవే అయినా, లైసెన్సున్న ప్లంబర్ గంటకు 100 నుంచి 200 దాకా తీసుకోవడం మామూలు. గోడ విప్పి ఉంటే వాల్వ్, పైపుల పని ఒక పూటో ఒక రోజో, సామానుతో కలిపి వెయ్యికి అటూ ఇటూ. స్లాబ్ కోసి డ్రైన్ మార్చడం, ఇన్‌స్పెక్షన్, పూడ్చడం అన్నీ కలిస్తే రెండు మూడు వేలు సులువుగా దాటుతుంది. అంటే ఖరీదైన కోట్‌లో కూడా ప్లంబింగ్ వాటా నాలుగైదు వేలు దాటితే ఎందుకో అడగండి. చవక కోట్‌లో వెయ్యి మాత్రమే ఉంటే ఏం వదిలేశారో అడగండి. రఫ్ (గోడ లోపలి పని), ఫినిష్ (పైకి కనిపించే బిగింపు), డ్రైన్, కాంక్రీట్, పర్మిట్ ఐదూ విడివిడి పంక్తుల్లో రాసివ్వనంటే ఆ మనిషి వద్దు.

టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సు ఉండదు, ప్లంబర్‌కి మాత్రం తప్పనిసరి. నంబర్ అడిగి తీసుకుని రాష్ట్ర ప్లంబింగ్ బోర్డు సైట్‌లో చూడండి, రెండు నిమిషాల పని. "మనవాడే, నగదు ఇస్తే పర్మిట్ లేకుండా తక్కువలో చేస్తాడు" అని పార్టీల్లో చెప్పేవాళ్ళు ఉంటారు. కప్పేసిన డ్రైన్‌ని ఇన్‌స్పెక్టర్ చూడలేదంటే దాని మంచిచెడ్డలకు మీరే పూచీ, ఇల్లు అమ్మేరోజున కూడా. డబ్బు విడతలుగా ఇవ్వండి: మొదట కొంచెం, రఫ్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక కొంత, నీళ్ళ పరీక్ష నిలిచాక కొంత, చివరి పది శాతం వారం రోజులు వాడి చూశాక.

గోడలు, స్లాబ్ మూసే ముందు రోజు టేపు పక్కన పెట్టి ఫొటోలు తీయండి, పైపు ఎక్కడుందో మూల నుంచి అంగుళాలతో సహా తెలిసేట్టు. రేపు కమ్మీ బిగించడానికి డ్రిల్ పట్టుకునేవాడికి అవి కావాలి. జాలీ పైన జుట్టు పట్టే వలొకటి వేయండి. ఆదివారం తలంటుళ్ళప్పుడు నూనె, సున్నిపిండి, పొడుగు జుట్టు కలిసి ట్రాప్‌లో ముద్ద కడతాయి. అమ్మగారు వచ్చిన వారంలోనే డ్రైన్ మెల్లగా పోతోందంటే, ప్లంబర్‌కి ఫోన్ చేసేముందు ఆ వల తీసి చూడండి.