ఫ్లాట్ లీజు ఎనభైకి దిగకముందే

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

లండన్ ఫ్లాట్ లీజు పొడిగించుకోవడం ఎలాగని అడిగావు. మన హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొంటే స్థలంలో అవిభాజ్య వాటా కూడా మన పేరునే రిజిస్టరవుతుంది. అక్కడ నువ్వు కొన్నది అలాంటిది కాదు నాయనా. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫ్లాట్లు చాలావరకు లీజుహోల్డే. భూమీ భవనమూ ఫ్రీహోల్డరువి, అంటే అసలు యజమానివి; నీకున్నది ఇన్నేళ్లు ఉండే హక్కు మాత్రమే. ఆ ఏళ్లు కరిగేకొద్దీ ఫ్లాట్ ధర కూడా కరుగుతుంది.

అందుకని ముందు ఎన్నేళ్లు మిగిలాయో లెక్క తేల్చు. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడకు. ప్రభుత్వ ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైటు నుంచే టైటిల్ రిజిస్టరు (ఆస్తి ఎవరిదో చెప్పే రికార్డు), లీజు కాపీ తెప్పించుకో. అదే కాగితానికి ఎక్కువ డబ్బు గుంజే బయటి సైట్లున్నాయి, వాటి జోలికి పోకు. లీజు మొదటి పేజీల్లోనే ‘1982 జూన్ 24 నుంచి 125 ఏళ్లు’ లాంటి వాక్యం ఉంటుంది. సంతకాలు 1984లో అయినా సరే, లెక్క 1982 నుంచే. అంటే గడువు 2107 జూన్‌తో సరి. ఈ లీజుకైతే సరిగ్గా 80 ఏళ్లు మిగిలేది 2027 జూన్‌లో. నీ లీజు చూసి నీ తేదీ ఇలాగే తేల్చి, గోడ మీది క్యాలెండరులో రాసిపెట్టుకో.

ఆ 80కి అంత పట్టింపు ఎందుకంటే, 1993 నాటి చట్టం ప్రకారం ఫ్రీహోల్డరుకు కట్టే సొమ్ములో మూడు పద్దులుంటాయి. ఒకటి, అతను పోగొట్టుకునే గ్రౌండ్ రెంట్, అంటే లీజు ప్రకారం నువ్వు ఏటా అతనికి కట్టే స్థలం అద్దె. రెండు, గడువు తీరాక ఫ్లాట్ అతనికి తిరిగి రావాల్సింది కదా, దానికి నేటి విలువ. మూడోది మ్యారేజ్ వ్యాల్యూ. లీజు పెరగడం వల్ల కొత్తగా పుట్టే విలువలో సగం అన్నమాట. లీజు 80 ఏళ్లకు పైన ఉన్నంతకాలం ఈ మూడో పద్దు సున్నా. 80కి దిగగానే అది వచ్చి చేరుతుంది.

ఊహకు ఒక లెక్క చూడు. పెద్ద లీజుంటే 3,00,000 పౌండ్లు పలికే ఫ్లాట్, ఏడాదికి 100 పౌండ్ల స్థిరమైన గ్రౌండ్ రెంట్. 81 ఏళ్లు మిగిలి ఉంటే, తిరిగిరావాల్సిన హక్కును ఏడాదికి 5 శాతం చొప్పున, గ్రౌండ్ రెంట్‌ను 6 శాతం చొప్పున తగ్గించి నేటి విలువ లెక్కిస్తే మొత్తం సుమారు 7,400 పౌండ్లు. 79కి దిగితే మొదటి రెండు పద్దులూ కలిపి 8,000 దాకా. అప్పుడు ఆ ఫ్లాట్ ఉన్నపళంగా 2,77,500 పలుకుతుందనుకుంటే, మ్యారేజ్ వ్యాల్యూలో సగం ఇంకో 7,200. రెండేళ్ల ఆలస్యానికి బిల్లు రెట్టింపయిందా లేదా! అందులోనూ విలువ కట్టేది, లీజు పొడిగించమని నువ్వు ఫ్రీహోల్డరుకు నోటీసు ఇచ్చిన రోజు నాటికి. బేరం ఏడాది సాగినా ఆ తేదీ మారదు. కనుక నీ చేతిలో ఉన్నదల్లా నోటీసు తేదీయే, దాన్ని జారనివ్వకు.

మొదట రాసిన లీజు 21 ఏళ్లకు మించినదైతే చాలు, నీకు హక్కుంది. కొన్నాక రెండేళ్లు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31న పోయింది. చట్టప్రకారం మిగిలిన గడువుకు 90 ఏళ్లు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ సున్నా అవుతుంది.

ముందుగా ఈ రకం లీజులే చూసే వాల్యుయరును (విలువ కట్టేవాణ్ని) పెట్టుకో. మార్ట్‌గేజ్ (ఇంటి లోను) కోసం ఇల్లు చూసివెళ్లే సర్వేయరు ఈ పనికి సరిపోడు. నీ సొంత ఖర్చుతో ఫ్లాట్ విలువ పెంచే మార్పులు చేసి ఉంటే బిల్లులతో సహా అతనికి చూపించు. ఆ పెరిగిన విలువను లెక్కలోంచి తీసేయాలి. తర్వాత సొలిసిటరు, అంటే కాగితాలు నడిపే లాయరు. ఇల్లు కొన్నప్పుడు పనిచేసినవాడే కానక్కర్లేదు. లీజు పొడిగింపు నోటీసును సెక్షన్ 42 నోటీసంటారు; ‘సెక్షన్ 42 నోటీసులు ఎన్ని ఇచ్చారు?’ అని మొహమాటపడకుండా అడుగు. నోటీసులో చిన్న తప్పు దొర్లినా అది చెల్లకుండా పోయే ప్రమాదముంది. నువ్వివ్వజూపే సొమ్ము తక్కువగా ఉండొచ్చు గానీ నవ్వుకునేంత తక్కువగా ఉండకూడదు. జవాబుకిచ్చే గడువు రెండు నెలలకు తగ్గకూడదు, ఒకట్రెండు వారాలు ఎక్కువే వేయించు. నీకూ ఫ్రీహోల్డరుకూ మధ్యలో హెడ్‌ లీజుదారు (ఫ్రీహోల్డరు నుంచి లీజు తీసుకుని నీకు ఇచ్చినవాడు) ఉంటే నోటీసు ఎవరి పేరున వెళ్లాలో సొలిసిటరు చేత తేల్పించు. లీజులో మేనేజ్‌మెంట్ కంపెనీ కూడా పార్టీ అయితే దానికీ ఒక ప్రతి వెళ్లాలి.

నోటీసు వెళ్లిన వెంటనే దాన్ని ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించు. లేకపోతే ఫ్రీహోల్డరు భవనం అమ్మేస్తే చిక్కు. నువ్వివ్వజూపినదాంట్లో 10 శాతం లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది డిపాజిట్‌గా అడిగే హక్కు అతనికుంది. 14 రోజుల్లో కట్టాలి కనుక డబ్బు సిద్ధంగా ఉంచుకో. నీ ఖర్చులే కాదు, అతని వాల్యుయరుకూ లాయరుకూ అయ్యే న్యాయమైన ఖర్చు కూడా ప్రస్తుతానికి నీ మీదే పడుతుంది.

ఎక్కువమంది బోల్తాపడేది ఆ తర్వాత. నీ నోటీసుకు ఫ్రీహోల్డరు జవాబుగా కౌంటర్ నోటీసు వచ్చాక రెండు నుంచి ఆరు నెలల మధ్య, బేరం తెగకపోతే, ఇలాంటి తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ‘మాటలు నడుస్తున్నాయి కదా’ అని ఆరు నెలలు దాటనిచ్చావా, నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మళ్లీ ఇవ్వాలంటే 12 నెలలు ఆగాలి, ఈలోగా లీజు 80 కిందికి జారిపోవచ్చు. దరఖాస్తు వేసినంత మాత్రాన పోట్లాట కాదు. దరఖాస్తు వేసిన తర్వాతే చాలా కేసుల్లో బేరం కుదురుతుంది. అన్నీ కుదిరాక కూడా నాలుగు నెలల్లోపు కొత్త లీజు పూర్తవాలి, లేదా కోర్టుకెళ్లాలి. అసలు కౌంటర్ నోటీసే రాకపోతే, ఆరు నెలల్లోపు కోర్టుకెళ్తే నీ షరతుల మీదే లీజు వచ్చే వీలుంది.

ఈ మధ్యలో ఫ్రీహోల్డరు నుంచి తియ్యని ఉత్తరం రావచ్చు, ‘నోటీసులెందుకు, మనలో మనం తేల్చుకుందాం’ అని. కలిపే ఏళ్లు చూడు. ‘125 ఏళ్ల లీజు’ అంటే 125 కలపడం కాదు, మొత్తం 125కి తేవడం. పాత గ్రౌండ్ రెంట్‌ను పాత గడువు తీరేదాకా అలాగే ఉంచే వీలు కూడా అతనికుంది. పైగా అందులో అతన్ని కట్టిపడేసే గడువులేవీ లేవు. లీజు 80 కిందికి జారేదాకా నాన్చవచ్చు, మాట మార్చవచ్చు. మాట్లాడాలనుకుంటే నోటీసు ఇచ్చాకే మాట్లాడు.

2024లో వచ్చిన చట్టం 990 ఏళ్లు ఇస్తుంది, మ్యారేజ్ వ్యాల్యూ తీసేస్తుంది, ఆగనా అని కూడా అడిగావు. ఆ భాగాలు అమల్లోకి వచ్చాయో లేదో నోటీసు వేసే ముందు సొలిసిటరును అడుగు. రాకపోయి ఉంటే, నీ లీజు 80కి దగ్గరపడుతుంటే ఆగకు. ఇప్పటికే 75కి దిగి, అమ్మే తొందరా లోను మార్చే అవసరమూ లేనివాళ్లయితే ఆగడంలో అర్థముంది. నీ పరిస్థితి అది కాదు. ఉచితంగా సలహా కావాలంటే ప్రభుత్వ నిధులతో నడిచే లీజుహోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉంది, ఫోన్ అపాయింట్‌మెంట్ తీసుకో.

బ్యాంకుకు ముందే చెప్పు, నీ మార్ట్‌గేజ్ కొత్త లీజు మీదికి మారాలి. పని పూర్తయ్యాక సొలిసిటరు ఫైలు మూసేముందు, కొత్త లీజు నమోదైన టైటిల్ రిజిస్టరు కాపీ నీ చేతికి తీసుకుని గడువు ముగిసే సంవత్సరం నీ కళ్లతో చదువు.

ఇట్లు,
మీ బాబాయి