కొత్తగా ఎలక్ట్రికల్ పనిలోకి వస్తున్న మా అబ్బాయికి బాబాయ్ రాస్తున్నది

నాన్నా, నీ మెసేజ్ చదివాను. ట్రైనింగ్ అయిపోయింది, సర్టిఫికెట్ చేతికొచ్చింది, ఎక్కడికెళ్లినా ఎక్స్‌పీరియన్స్ ఎంత అంటున్నారు, పనిస్తేనే కదా బాబాయ్ ఎక్స్‌పీరియన్స్ వచ్చేది అని రాశావు. నీ బాధ నాకు అర్థమైంది. కానీ నేను చాలా ఏళ్లుగా కుర్రాళ్లని పనిలో పెట్టుకుంటున్న వాడిని కాబట్టి ఒక మాట చెప్తా విను, ఎక్స్‌పీరియన్స్ ఎంత అని అడిగే కాంట్రాక్టర్‌కి నిజంగా కావాల్సింది ఆ నంబర్ కాదు, ఆయన మనసులో మూడు భయాలుంటాయి. ఈ కుర్రాడికి నా సైట్‌లో షాక్ కొడితే నా పరిస్థితేంటి, వీడు చేసిన పని మళ్లీ విప్పి నేనే చేసుకోవాలా, నాలుగు రోజులు వచ్చి ఐదో రోజు ఫోన్ ఎత్తకపోతే ఎలా. ఇవే. నువ్వు పని అడగడానికి వెళ్లినప్పుడు నీ మాట, నీ చేతులు, నీ టైమింగ్ ఈ మూడిటికీ సమాధానం చెప్పాలి. చెప్పగలిగితే అనుభవం తక్కువున్నా ఛాన్స్ ఇస్తారు.

ముందు ఎక్కడ అడగాలో చెప్తా. ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యి, వద్దనను, కానీ దాని మీదే ఆధారపడి ఫోన్ పట్టుకుని కూర్చోకు. పెద్ద కంపెనీల్లో కాగితం చూసి పక్కన పెట్టేస్తారు, ఇద్దరు ముగ్గురు మనుషులతో పని చేసుకునే చిన్న కాంట్రాక్టర్లు మాత్రం మనిషిని చూసి తీసుకుంటారు, వాళ్లకి హెల్పర్ అవసరం హఠాత్తుగా వస్తుంది, ప్రకటన ఇచ్చేంత టైమ్ కూడా ఉండదు. వాళ్లందరూ పొద్దున్నే సామాన్ల కోసం ఎలక్ట్రికల్ షాపుకే వస్తారు కాబట్టి అక్కడ కౌంటర్ దగ్గరుండే ఆయనతో మర్యాదగా పరిచయం చేసుకుని, ఎవరికైనా కుర్రాడు కావాలంటే చెప్పండన్నా అని నంబర్ ఇచ్చి రా. ఏ కాంట్రాక్టర్‌కి పని ఎక్కువగా ఉందో, ఎవరు మనుషుల్ని బాగా చూసుకుంటారో, ఎవరు డబ్బులు ఎగ్గొడతారో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సైట్‌కి వెళ్తే టైమ్ చూసుకుని వెళ్లు. పని మొదలయ్యే ముందు, లేదా సాయంత్రం సామాను సర్దుకుంటున్నప్పుడు. మధ్యలో నిచ్చెన మీదున్న మనిషిని కిందికి పిలిచి ఉద్యోగం అడిగితే ఎవరికైనా చిరాకే. ఇంకోటి, బిల్డింగ్ ఏ స్టేజ్‌లో ఉందో గమనించి అడుగు. స్లాబ్‌లో పైపులు వేస్తున్నారా, గోడలు కట్ చేసి బాక్సులు పెడుతున్నారా, ప్లాస్టరింగ్ అయిపోయిందా అని చూస్తే నీకే తెలిసిపోతుంది, వైర్ లాగడం ఇంకెన్ని వారాల్లో మొదలవుతుందో. చేతులు ఎక్కువ కావాల్సింది అప్పుడే. "సార్, వైరింగ్ మొదలైనప్పుడు మనిషి కావాలంటే నన్ను పిలవండి, పైపులో వైర్ లాగడం, బాక్స్ ఫిట్టింగ్ వచ్చు, బోర్డ్ కనెక్షన్ ట్రైనింగ్‌లో చేశాను గానీ సైట్‌లో చేయలేదు, మీరు చూపిస్తే చేస్తాను" అని అడుగు. ఈ మాటలో వచ్చింది ఉంది, రానిది కూడా ఉంది, ఆ రెండోదే ఆయనకి నమ్మకం కలిగిస్తుంది. రానిది వచ్చని చెప్పేవాళ్లని మేము వైర్ ఒలిచేటప్పుడే పట్టేస్తాం నాన్నా, ఎంతోసేపు పట్టదు.

ఆ వైర్ ఒలవడం గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే కొత్త కుర్రాడి చేతికి నేను మొదట ఇచ్చేది అదే. ఒక ముక్క వైరు, ఒక సాకెట్ ఇచ్చి కనెక్షన్ చెయ్యమంటా, ఏమీ మాట్లాడను, చూస్తూ ఉంటా. స్ట్రిప్పర్‌లో సరైన సైజు గాడి చూసుకున్నాడా లేదా, రాగి మీద గాటు పడిందా. గాటు పడిన చోట రాగి సన్నబడుతుంది, వంచగానే అక్కడే విరుగుతుంది. సన్న తీగల వైరైతే రెండు మూడు పోగులు తెగిపోయినా పట్టించుకోకుండా మెలిపెట్టి దూర్చేశాడా. టెర్మినల్ బయట రాగి కనిపిస్తోందా, లేకపోతే ఉల్టా, ఇన్సులేషన్ కూడా స్క్రూ కిందికి పోయి గట్టిగా ఉన్నట్టు అనిపిస్తూ అసలు రాగికి పట్టే లేదా. చివరికి స్క్రూ బిగించాక వైరుని ఒకసారి లాగి చూశాడా. ఆ లాగి చూసే అలవాటు ఉన్న కుర్రాడిని నేను వదులుకోను, మిగతావన్నీ నేర్పుకోవచ్చు. లూజ్ కనెక్షన్ దగ్గర రెసిస్టెన్స్ పెరుగుతుంది, అక్కడ పుట్టే వేడి కరెంట్ స్క్వేర్‌ని బట్టి ఉంటుంది, అంటే లోడ్ కరెంట్ రెట్టింపైతే వేడి 4 రెట్లు. ఎంసీబీ, అంటే కరెంట్ లిమిట్ దాటితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్, పడిపోదు, ఎందుకంటే కరెంట్ లిమిట్ దాటలేదు కదా, నెమ్మదిగా సాకెట్ వెనకాల కాలుతూ ఉంటుంది అంతే. ఇళ్లల్లో మంటలు లేచే కారణాల్లో ఇదొకటి, అందుకే నేను దీని గురించి ఇంత పట్టుబడతా.

కాబట్టి పని దొరికేదాకా ఖాళీగా ఉండకు. ఒక చెక్క మీద రెండు స్విచ్ బాక్సులు, ఒక హోల్డర్, ఒక సాకెట్ బిగించి, సప్లైకి కనెక్ట్ చేయకుండానే వైరింగ్ చెయ్యి, మల్టీమీటర్ కంటిన్యుటీలో (తీగ మధ్యలో తెగకుండా కలిసుందో లేదో చూపించే సెట్టింగ్) పెట్టి చెక్ చెయ్యి, విప్పెయ్యి, మళ్లీ చెయ్యి. మెట్ల దగ్గర లైట్‌కి వాడే టూ వే స్విచ్ కనెక్షన్ కాగితం చూడకుండా చేయగలగాలి. ఫేజ్, అంటే కరెంట్ వచ్చే తీగ, స్విచ్‌లోంచే పోవాలి, న్యూట్రల్, అంటే కరెంట్ తిరిగెళ్లే తీగ, కట్ చేస్తే లైట్ ఆరినా హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది, బల్బు మార్చే మనిషికి షాక్ కొడుతుంది, ఇది ఎందుకో నీ నోటితో చెప్పగలగాలి. చేసినవి నీట్‌గా ఫోటోలు తీసి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకో, బయోడేటా కన్నా అవే ఎక్కువ పని చేస్తాయి. రేపు సైట్‌లో చేసిన పని ఫోటోలు తీసుకోవాలంటే మాత్రం ఓనర్‌ని, మేస్త్రీని అడిగాకే.

బయోడేటా ఒక్క పేజీ చాలు. కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను లాంటివి అందరూ రాస్తారు, ఎవరూ చదవరు. నువ్వు చేతులతో ఏం చేశావో రాయి, ఏ టూల్స్ వాడగలవో రాయి, ఎత్తు మీద పని చేయగలవా, బండి నడపగలవా, పొద్దున్న ఎన్నింటికి రాగలవు అన్నవి రాయి. మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి ఆయన పేరు, నంబర్ కింద పెట్టు, ముందు అడగాలి సుమా, అడక్కుండా పెట్టకూడదు.

టూల్స్ విషయంలో అప్పు చేసి డ్రిల్లు, కట్టరు కొనకు. కటింగ్ ప్లేయర్, సైడ్ కట్టర్, స్ట్రిప్పర్, 1000 వోల్ట్స్ అని మార్క్ ఉన్న ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు, టేపు, మార్కరు, మంచి మల్టీమీటర్, మందపాటి సోల్ బూట్లు, అంతే. మల్టీమీటర్ దగ్గర మాత్రం చవక చూడకు, దాని మీద క్యాట్ 3 రేటింగ్ ఉందా చూసుకుని కొను, బోర్డు దగ్గర హఠాత్తుగా వోల్టేజ్ ఎగిసినప్పుడు తట్టుకునేది అదే.

ఇంటర్వ్యూ అంటే చాలాచోట్ల నిలబడి అడిగే నాలుగు ప్రశ్నలే. ఎక్కువగా వచ్చేది ఎంసీబీ ఉండగా ఆర్‌సీసీబీ ఎందుకు అని. బట్టీ పట్టి చెప్పకు, అర్థం చేసుకుని చెప్పు. ఎంసీబీ కాపాడేది వైరుని, ఓవర్‌లోడ్ అయినా షార్ట్ అయినా ఆపేస్తుంది, మనిషిని పట్టించుకోదు. 16 ఆంప్స్ ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంట్ ఒక లెక్కే కాదు. అమెరికాలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ వాలంటీర్ల మీద పరీక్షలు చేసి చూస్తే మగవాళ్లు సగటున 16 మిల్లీఆంప్స్ దగ్గర, ఆడవాళ్లు పదిన్నర మిల్లీఆంప్స్ దగ్గర పట్టుకున్న తీగని వదల్లేకపోయారు, అంటే ఆంప్‌లో వెయ్యో వంతుల్లోనే మనిషి పని అయిపోతుంది. ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ రెండూ పోల్చుకుంటూ ఉంటుంది, తేడా వస్తే ఎక్కడో లీక్ అయినట్టే కదా, మనుషుల రక్షణకి పెట్టేది చాలా దేశాల్లో 30 మిల్లీఆంప్స్ లోపే ట్రిప్ అవ్వాలి. అయితే ఒకే మనిషి ఒక చేత్తో ఫేజు ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తేడా తెలియకపోవచ్చు, ఇది కూడా చెప్పావనుకో, అడిగినాయన నీ వైపు ఇంకోలా చూస్తాడు. ఇన్సులేషన్ టెస్ట్ గురించి అడిగితే మామూలు ఇళ్ల వైరింగ్‌కి మెగ్గర్ అనే ఇన్సులేషన్ టెస్ట్ చేసే మీటర్‌తో 500 వోల్ట్స్ డీసీ ఇస్తాం, కనీసం 1 మెగా ఓమ్ రావాలి, పెట్టే ముందు ఎలక్ట్రానిక్ వస్తువులన్నీ తీసేయాలి అని చెప్పు.

సోలార్ పనుల్లో కూడా కొత్తవాళ్లని తీసుకుంటున్నారు, వెళ్లు, మంచిదే. కానీ అక్కడ మెయిన్ ఆఫ్ చేశాం కదా అనుకోవద్దు, ప్యానెల్ మీద వెలుతురు పడుతున్నంతసేపూ దాని తీగల్లో వోల్టేజ్ ఉంటూనే ఉంటుంది, పైగా కనెక్షన్ విడదీసినప్పుడు మధ్యలో లేచే నిప్పు, అదే డీసీ ఆర్క్, ఏసీలా దానంతట అది తేలిగ్గా ఆరిపోదు, కరెంట్ పారుతున్నప్పుడు కనెక్టర్ పీకకూడదు. ప్యానెల్ బోర్డులు, అంటే సోలార్‌వి కాదు, స్విచ్‌లు ఎంసీబీలు బిగించే కరెంట్ బోర్డులు, తయారుచేసే వర్క్‌షాపుల్లో కూడా అడుగు, నీలాంటి వాడికి అది నాకు అన్నిటికన్నా నచ్చే చోటు, కరెంట్ లేని బోర్డు మీద రోజంతా వైర్ కట్ చేయడం, వైరు చివర లగ్ అనే మెటల్ ముక్క నొక్కి బిగించడం (క్రింప్ చేయడం), నంబర్ వేయడం, డ్రాయింగ్ చదవడం, ఆరు నెలలు చేస్తే చెయ్యి తిరుగుతుంది, ఆ తర్వాత ఏ సైట్‌కెళ్లినా తేడా తెలుస్తుంది.

ఎవరైనా ఒకరోజు వచ్చి పని చేసి చూపించమంటే వెళ్లు. పావుగంట ముందే ఉండు. ఫోన్ బ్యాగులో పడెయ్యి. మేస్త్రీ వైర్ లాగుతుంటే అవతలి చివర నువ్వు ఊరికే తోయకు, ఆయన లాగే ఊపుకి తగ్గట్టు వదులు, చుట్ట మెలికలు పడకుండా తిప్పుతూ ఇవ్వు, పైపు అంచుకి ఇన్సులేషన్ గీసుకుపోకుండా చెయ్యి అడ్డం పెట్టు, ఈ చిన్న పనిలోనే సీనియర్‌కి నువ్వెలాంటి వాడివో తెలిసిపోతుంది. చెప్పింది అర్థం కాకపోతే తల ఊపకుండా మళ్లీ అడుగు. సాయంత్రం చెప్పకముందే వైరు ముక్కలు, గోడ పొట్టు ఊడ్చెయ్యి. చిన్న నోట్‌బుక్ పెట్టుకో, ఏ రూమ్ ఏ ఎంసీబీకి వెళ్లిందో రాసుకో, మూడు వారాల తర్వాత అదే బోర్డు దగ్గర అందరూ తల గోక్కుంటున్నప్పుడు నీ పుస్తకం పనికొస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది. పని కావాలన్న ఆత్రంలో లైవ్ మీద చెయ్యి పెట్టకు. "ఏం కాదులే, నేను రోజూ చేస్తా" అని ఎవరన్నా అన్నా సరే. మెయిన్ ఆఫ్ చెయ్యి, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా తాళమో ట్యాగో పెట్టు, లేకపోతే ఫ్యూజ్ నీ జేబులో వేసుకో. నీ మీటర్‌ని ముందు కరెంట్ ఉందని తెలిసిన చోట పెట్టి చూడు, తర్వాత నువ్వు పని చేసే చోట చూడు, మళ్లీ వెనక్కెళ్లి కరెంట్ ఉన్న చోట చూడు, మధ్యలో మీటరే చచ్చిపోయి సున్నా చూపించలేదని గ్యారంటీ ఏముంది మరి. ఫేజ్ న్యూట్రల్ మధ్యే కాదు, ఎర్త్‌కి కూడా చూడు. నియాన్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంట్ లేదు అని ఎప్పుడూ అనుకోకు. వైరు రంగుని కూడా నమ్మకు, ముందు చేసినవాడు ఏ ముక్క దొరికితే ఆ ముక్క వాడి ఉంటాడు. ఆఫ్ చేయడం కుదరదు, అలాగే చేసెయ్ అంటే "అన్నా, మీరు ఆఫ్ చేయించండి, ఎంతసేపైనా ఆగుతా, అయ్యాక నేనే చేస్తా" అని నెమ్మదిగా చెప్పు. దానికి కోప్పడి పంపించేస్తే పంపించెయ్యనీ, అలాంటి చోట నువ్వు ఉండకపోవడమే నాకు కావాలి. మీ అమ్మకి నేను జవాబు చెప్పుకోవాలి నాన్నా.

డబ్బుల మాట మొదటిరోజే అడుగు, సిగ్గుపడకు. రోజుకెంత, వారానికి ఇస్తారా నెలకా, ఓవర్‌టైమ్ ఉంటే ఎలా, దూరం సైట్ అయితే ప్రయాణం ఖర్చు ఎవరిది, హెల్మెట్, గ్లౌజులు ఎవరు ఇస్తారు. మొదట్లో జీతం కొంచెం తక్కువైనా నేర్పించే మనిషి దగ్గర ఉండు, కానీ జీతమూ ఇవ్వక, నేర్పించకుండా, నెలల తరబడి గోడలు కొట్టిస్తూ ఉంటే వదిలేసి వచ్చెయ్. అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేస్తారా అని కూడా అడుగు, లైసెన్స్‌కి వెళ్లేటప్పుడు ఎక్కడ ఎన్నాళ్లు ఏం పని చేశావో రాతపూర్వకంగా చూపించమంటారు, కాబట్టి ప్రతి నెలా పని వివరాలు రాసి సూపర్‌వైజర్ సంతకం అప్పటికప్పుడే పెట్టించుకో, రెండేళ్ల తర్వాత పాత సంతకాల కోసం తిరగడం నరకం.

లేదు పొమ్మంటే అక్కడితో వదిలేయకు. "సరే సార్, నాలో ఏం తక్కువైందో చెప్తారా, నేర్చుకుని వస్తా" అని అడుగు, కొందరు నిజంగానే చెప్తారు. వారం పది రోజులాగి ఒక చిన్న మెసేజ్ పెట్టు, రోజూ ఫోన్ చేసి విసిగించకు. ఎవర్ని కలిశావో, ఏమన్నారో, మళ్లీ ఎప్పుడు అడగాలో ఆ నోట్‌బుక్‌లోనే వెనక పేజీల్లో రాసుకుంటూ ఉండు.

ఈ ఆదివారం లోపు టూ వే స్విచ్ బోర్డు చేసి ఫోటో పంపించు, కవర్ తీసి టెర్మినల్స్ కనిపించేలా దగ్గరగా తియ్యి. బయోడేటా కూడా పంపు, నేను చూసి సరిదిద్దుతా. నాకు తెలిసిన ప్యానెల్ వర్క్‌షాప్ ఆయన ఒకరున్నారు, ఆ ఫోటో బాగుంటే నేనే మాట్లాడతా.