గచ్చిబౌలి స్టేడియం సెంట్రల్ యూనివర్సిటీదా? ఫుట్‌బాల్ కోసమే కట్టారా?

ఈ ఏడాదే సెంట్రల్ యూనివర్సిటీలో చేరానని, దారిలో కనిపించే ఆ పెద్ద స్టేడియం మనదేనేమో అనుకున్నానని రాశారు. 2002లో ఎం.ఏ.లో చేరినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కాదండీ, అది ప్రభుత్వ స్టేడియం. ఫుట్‌బాల్ కోసం కట్టింది కూడా కాదు.

2002 డిసెంబరులో ఇక్కడ జరిగిన జాతీయ క్రీడల కోసం కట్టారు. అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. పూర్తి పేరు జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. ఆ 'అథ్లెటిక్' అంటే పరుగులు, జంప్‌లు, త్రోల ఆటలదని, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది. అప్పట్లో మెహదీపట్నంలో 216 నంబరు బస్సు ఎక్కితే, ఆ రాళ్ళగుట్టల మధ్య దూరం నుంచే కనిపించే పెద్ద కట్టడం అదే. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు ఇక్కడే జరిగాయి. రెండు నెలల ముందే పారిస్ ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చుకున్న అంజూ బాబీ జార్జ్ ఆ క్రీడల్లో లాంగ్ జంప్ స్వర్ణం గెలిచింది. హాస్టల్లో వారం రోజులు అదే కబురు.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి అసలు పుట్టినిల్లు బషీర్‌బాగ్‌లోని ఫతేమైదాన్. 1967 నుంచి దాని పేరు లాల్ బహదూర్ స్టేడియం. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం గెలిచింది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చివరికి ఒక అథ్లెటిక్స్ స్టేడియానికి చేరాయి. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

బాధ ఎందుకో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. మైదానం చుట్టూ 400 మీటర్ల ట్రాక్ ఉంది. గోల్ వెనక గ్యాలరీలో కూర్చుంటే, మనకీ గోల్‌కీ మధ్య ట్రాక్ వంపు మొత్తం అడ్డం. అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాళ్ళ కేకలను బట్టి తెలుసుకోవాలి. ఫుట్‌బాల్‌కే కట్టిన స్టేడియంలో ఆటగాళ్ళ మాటలు కూడా వినిపిస్తాయి. పైగా జావెలిన్, డిస్కస్, హ్యామర్ వచ్చి పడేది ఆ పచ్చిక మీదే. కచేరీకో, సభకో స్టేజీ వేస్తే దాని కింద గడ్డికి ఎండ తగలదు. దాన్ని మళ్ళీ ఆటకు సిద్ధం చేయాలంటే చాలా శ్రమ.

అయినా 2019 నవంబరు 2ను మరచిపోలేను. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన మన ఊరి క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంతగడ్డ మీద అది మొదటి మ్యాచ్, ఎదుట కేరళ బ్లాస్టర్స్. మా చుట్టూ కేరళ అభిమానుల పసుపు జెర్సీలే. ముందు గోల్ కొట్టింది కూడా వాళ్ళే. మన స్టాంకోవిచ్ పెనాల్టీతో లెక్క సరిచేశాడు, చివర్లో మార్సెలిన్యో ఫ్రీకిక్ నేరుగా లోపలికి. 2-1. పక్కన ఎవరో తెలియని పెద్దాయన నన్ను పట్టుకుని ఊపేశారు.

ఆ తర్వాత కోవిడ్. స్టేడియం ప్రాంగణంలోని స్పోర్ట్స్ టవర్‌ని 2020లో ఆసుపత్రిగా మార్చారు. లీగ్ గోవాకి వెళ్ళింది. 2022 మార్చిలో మన జట్టు అక్కడే పెనాల్టీలలో కప్పు గెలిస్తే టీవీలో చూశాను. ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. సొంత మనిషి ఊరు వదిలినట్టే అనిపించింది.

మరి అక్కడ ఆట ఆగిపోయిందా అంటే, లేదు. 2024లో దేశాల జట్లు ఆడే ఇంటర్ కాంటినెంటల్ కప్ ఇక్కడ జరిగింది, అదే ఏడాది విడిగా జరిగిన భారత్-మలేషియా స్నేహపూర్వక మ్యాచ్ 1-1తో ముగిసింది. ఆ డిసెంబరు 31న, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కి మా అబ్బాయిని తీసుకెళ్ళాను. ఇంజూరీ టైమ్‌లో రోబి హన్స్‌డా కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో బెంగాల్, కేరళను ఓడించింది. వాడు ఆ గోల్ కథ వారం పాటు చెప్పాడు.

మిగతా రోజుల్లో అది పరుగు నేర్చుకునే పిల్లలది. ఆర్మీ భర్తీ ర్యాలీలకు వచ్చే కుర్రాళ్ళది కూడా. హైదరాబాద్ మారథాన్ పూర్తి చేసి ఆ గేటులోంచి లోపలికి వచ్చాను నేను. నెక్లెస్ రోడ్డు నుంచి నలభై కిలోమీటర్లు దాటాక కాళ్ళు నావి కావనిపించింది. ఎర్ర ట్రాక్ మీద అడుగు పడగానే, పాతికేళ్ళ కిందట బస్సు కిటికీలోంచి చూసిన ఆ గోడల లోపల ఉన్నానన్న సంతోషంలో నొప్పి తెలియలేదు.

ఇక మ్యాచ్‌కి వెళ్తే గోల్ వెనక టికెట్ తీసుకోకండి. పక్క గ్యాలరీలో, కాస్త పైవరసలో కూర్చోండి.