సంగటిలో ఉండలెందుకు?

ప్రశ్న: రాగి సంగటి చేస్తే మధ్యలో పచ్చిపిండి ఉండలు మిగిలిపోతున్నాయి. నలుగురికి కొలతలు చెప్పండి. పక్కన తక్కువ ఖర్చులో ఏం పెట్టొచ్చు?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: పిండి వేయగానే కలిపేస్తున్నారేమో చూసుకోండమ్మా. పైపొర వేడికి జిగురెక్కి లోపలి పిండికి తడి అందనివ్వదు. ఉండ కట్టేది అందుకే.

అర గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, మూడున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించండి. నూకలైతే ఇంకా చవక, నానబెట్టే పనీ లేదు. అన్నం మీద గంజి తేలుతుండాలి. ఇగిరిపోతే మరిగే నీళ్లు పోయండి. గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, గరిటె కాడతో రెండు మూడు చోట్ల గుచ్చి, మూతపెట్టి సన్నసెగ మీద ఎనిమిది నిమిషాలు వదిలేయండి. కలపొద్దు! దించాక తెడ్డుతో గిన్నె అంచుకేసి గట్టిగా ఎనపండి. చేయి తడి చేసుకుని వేడిగానే ముద్దలు చుట్టాలి.

వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మాంసకృత్తులకు గుప్పెడు వేరుశనగపప్పు వేయించి, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లితో ఊరిమిండి నూరండి. తోటకూర దొరికిన రోజు పప్పుకూరే మేలు.