మోకీళ్ల అరుగుదల: ఇంజెక్షనా, ఆపరేషనా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు, బరువు 78 కిలోలు. బీపీ, షుగర్ ఉన్నాయి. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఎక్స్‌రే చూసి అరుగుదల మధ్యస్థంగా ఉందన్నారు. ఒక డాక్టర్ జెల్ ఇంజెక్షన్ అన్నారు, మరొకరు పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్) అన్నారు. బంధువులేమో ఆపరేషన్ చేయించేయమంటున్నారు. నొప్పి ఎక్కువైనప్పుడు అమ్మ మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటోంది. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నాకు ముందుగా భయం వేసింది ఆ బిళ్లల గురించే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నొప్పి తగ్గిస్తాయి, నిజమే. కానీ బీపీ, షుగర్ ఉన్నవాళ్లు తరచూ వాడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బీపీ పెరగొచ్చు, కడుపులో పుండ్లు పడొచ్చు. సొంతంగా కొనడం ఆపించి, ఈ వారంలోనే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. వాటి బదులు డైక్లోఫెనాక్ జెల్‌ను మోకాలికి రాసుకోవచ్చు. రక్తంలో కలిసే మందు చాలా తక్కువ కాబట్టి అమ్మలాంటివారికి ఇదే మేలు. అయినా డాక్టర్‌కు చెప్పే మొదలుపెట్టండి.

అసలు వైద్యం తొడ కండరంలో ఉంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక కాలు ముందుకు చాపి, పాదం వేళ్లను తన వైపు తిప్పుకుని, మోకాలి పైన కండరం గట్టిపడేలా అయిదు సెకన్లు బిగించి ఉంచి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా. మొదట్లో కాస్త నొప్పిగానే ఉంటుంది. నడిస్తే ఇంకా అరుగుతుందని చాలామంది మంచానికే పరిమితమవుతారు, దాంతో కండరం బలహీనపడి నొప్పి పెరుగుతుంది. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అమ్మ నాలుగైదు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది. కింద కూర్చోవడం తగ్గించి, వెస్ట్రన్ కమోడ్ వాడమనండి.

ఇక ఇంజెక్షన్లు. కీలులోకి ఎక్కించే జెల్ ఇంజెక్షన్ వల్ల లాభం స్వల్పమే. పీఆర్‌పీకి ఖర్చు ఎక్కువ, ఆధారాలు ఇంకా గట్టిగా లేవు. అప్పు చేసి మాత్రం వేయించొద్దు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, కానీ కొన్నాళ్లు షుగర్ పెరుగుతుంది.

మోకీలు మార్పిడి ఆపరేషన్ మంచిదే, అయితే దాన్ని ఎక్స్‌రే ఒక్కటే నిర్ణయించకూడదు. ఇవన్నీ కొన్ని నెలలు శ్రద్ధగా చేశాక కూడా నొప్పితో రాత్రి నిద్ర పట్టకపోయినా, ఇంట్లో నాలుగడుగులు వేయలేకపోయినా అప్పుడు ఆలోచించండి. అమర్చిన కీళ్లలో నూటికి ఎనభై దాకా 25 ఏళ్లు పనిచేస్తున్నాయి. 2017 నుంచి వాటి ధరలపై కేంద్రం పరిమితి కూడా పెట్టింది.

ఈలోగా మోకాలు ఒక్కసారిగా వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే మాత్రం అది అరుగుదల కాకపోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.